రాసియ్యి పంతులూ

సంస్కృతం జవాబు పత్రాలు దిద్దేవాళ్లు తక్కువ పడ్డారని ఆ వేసవిలో ఆదిలాబాద్ జిల్లా పండితులను కూడా కరీంనగర్ క్యాంపుకే పిలిచారు. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఇవాళ తలా ఒక కట్ట ఎక్కువ దిద్దితే రేపు పొద్దున్నే వదిలిపెడతానని క్యాంపు ఆఫీసరు నోటిమాటగా అన్నాడు. అందరం తలలూపాం. నా ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న ఇచ్చోడ పండితుడు మాత్రం, ముప్పై ఏళ్లు కూడా ఉండవు, పెన్నుకు మూత పెట్టి, "గా మాట జర రాసియ్యండి సార్" అన్నాడు.

నా చేతిలో ఎర్రసిరా పెన్ను ఆగిపోయింది. ఆ మాటను, అదే తీరులో, ఆ ఒక్క మనిషి తప్ప ఇంకెవరూ అనగా నేను వినలేదు.

"ఈ మాట నీకెవలు నేర్పిండ్రు?" అని అడిగాను.

"మా సారు. ఇచ్చోడ బళ్లె నాకు సంస్కృతం చెప్పిండు. మీకెర్కనా సార్? సిరిసిల్లాయన."

"ఎర్కనే. ఎట్లున్నడు?"

"పోయిండు సార్. మొన్న కార్తీకంల. నాల్గు రోజులు జరమొచ్చింది, మల్ల లేవలే."

సాయంత్రం చాయ్ తాగుతూ అతను ఇంకా చెప్పాడు. ఆయనకు గోండీ వచ్చునట. మరాఠీలో బేరమాడేవాడట. బడిలో పిల్లలు సద్ది తినేటప్పుడు వరుస కట్టి కూర్చోనిచ్చేవాడు కాదట, గుండ్రంగా కూర్చోమనేవాడట. ఎవరైనా అబద్ధమాడితే కొట్టేవాడు కాదు, "నేను అబద్ధమాడిన" అని కాగితం మీద రాయించి, పరీక్షలయ్యాక ఎవరిది వాళ్లకు ఇచ్చేసేవాడట. "నేను పదకొండు రాసిచ్చిన సార్" అని నవ్వాడు అతను.

నేను ఒక్కటే రాసిచ్చాను. దానికి నాలుగేళ్లు పట్టింది.

అతని జీవితం మొత్తం నాకు తెలియదు. పెళ్లెప్పుడైందో, పిల్లలెందరో ఆ సాయంత్రమే తెలిసింది. నాకు తెలిసింది, మా ఇద్దరికీ ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్నప్పటి నాలుగైదేళ్ల మనిషి. పేరు రాయను. కులం మాత్రం రాస్తాను. అది దాచాడన్న నింద అతని మీద వేసింది నేనే కాబట్టి.

మేం మొదటిసారి కలిసింది పెద్దపల్లి స్టేషన్‌లో. ఇద్దరం ఒక్క చోటికే వెళ్తున్నాం. దక్షిణాన ఒక పీఠం వాళ్లు నడిపే సంస్కృత విశ్వవిద్యాలయం, శాస్త్రి డిగ్రీ మొదటి సంవత్సరం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బళ్లు మూతపడి ఒక ఏడాది పోగొట్టుకున్న పిల్లలం. నాది మంథని, వేదం చెప్పుకునే ఇల్లు. అతనిది సిరిసిల్ల, మగ్గం నేసుకునే ఇల్లు. పేర్లు చెప్పుకోకముందే అతను నా చొక్కా అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "అరవై నెంబరు నూలు. నేసినోడు మంచిగ నేసిండు, కుట్టినోడు ఖరాబు చేసిండు" అన్నాడు.

అది అతని అలవాటు. ఎవరి బట్టయినా వేళ్లతో పట్టి చూడనిదే మాట మొదలుపెట్టేవాడు కాదు. తర్వాతి నెలలో ఉపకులపతి గారు తరగతికి వస్తే ఆయన పట్టు శాలువా కొసను కూడా అలాగే పట్టి చూశాడు. ఆయన ఏమనుకున్నారో గాని, ఇతను మాత్రం నా వైపు తిరిగి పెదవి విరిచాడు. ఖాళీగా కూర్చుంటే కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి కదిలేవి, కింద మగ్గం తొక్కుడుచెక్కలు ఉన్నట్టు. శ్లోకాలు వల్లె వేసేటప్పుడు ఆ కాళ్లే తాళం. పదం తప్పితే కాళ్లు ఆగేవి. పుస్తకం చూడకుండానే తప్పు ఎక్కడో అతనికి తెలిసిపోయేది.

రైల్లో అతను జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం విప్పాడు. నా సంచిలో మా అమ్మ కట్టిన పులిహోర ఉంది. అతను రొట్టె చాపితే నేను కిటికీ వైపు చూశాను.

"రైల్ల గూడ కులముంటదా పంతులు? టికెట్ మీద యాడన్న రాసున్నదా సూడు" అన్నాడు.

మూడు రొట్టెలు తిన్నాను. అతను పులిహోర అంతా ఖాళీ చేసి, చింతపండు ఎక్కువైందన్నాడు. 'పంతులు' అనే పిలుపు ఆ రైల్లోనే మొదలైంది. దాన్ని మర్యాదగా వాడాడో, వెక్కిరింపుగా వాడాడో నాకు చివరిదాకా తెలియలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పద్మశాలీలకు జంధ్యం ఉంటుంది. శ్రావణ పున్నమిని మా వైపు వాళ్లు నూలి పున్నం అంటారు. ఆ రోజు మార్కండేయుని గుడిలో కొత్త జంధ్యాలు వేసుకుంటారు. మంథనిలో పుట్టిన నాకు ఇది తెలుసు. మా బాపు జంధ్యాలకు నూలు వాళ్ల వాడల నుంచే వచ్చేది. కానీ ఆ విశ్వవిద్యాలయంలో వంటవాళ్లు గాని, వార్డెన్ గారు గాని మా వైపు వాళ్లు కారు. వాళ్ల లెక్కలో జంధ్యం ఉన్నవాడు బ్రాహ్మణుడు. అంతకు మించి అడగాలని వాళ్లకు తోచలేదు.

భోజనానికి చొక్కా విప్పి, పంచె కట్టుకుని, ఉత్తరీయంతో వెళ్లాలి. లోపల పొడుగాటి హాలులో బ్రాహ్మణ విద్యార్థుల పంక్తి. బయట వరండాలో మిగతా ఆరేడుగురి పంక్తి. మొదటి రోజు వంటాయన గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి ఛాతీ చూసి చెయ్యి చూపిస్తున్నాడు. ఇతని ఛాతీ చూశాడు, లోపలికి చెయ్యి చూపించాడు. ఇతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు. జరిగింది అంతే.

వారం తర్వాత అతనికి వరండా సంగతి అర్థమైంది.

"పంతులు, బయట కూసున్నోళ్లకు పచ్చడేస్తలేరు. ఎందుకట?"

"వాళ్లది వేరే పంక్తి."

"ఏం వేరే?"

చెప్పాను. అతని కాళ్లు ఆగాయి.

"అయితె నేను గూడ ఆడనే కూసోవాలె గద. రేపట్నుంచి బయట కూసుంట."

"ఊకో" అన్నాను. "నీకు జంధ్యమున్నది. వంటాయననే చెయ్యి సూపిండు. ఎవలకు చెప్పకు. ఇంత దూరమొచ్చి గీ కొత్తోళ్ల నడుమ నేనొక్కన్నే ఎట్ల తినాలె?"

ఆ మాట నాది. నా ఒంటరితనం కోసం అన్నాను. అతన్ని ఆ హాలులో కూర్చోబెట్టింది ఒక్క రోజు వంటాయన, మిగతా అన్ని రోజులూ నేను. నా మాట విన్నాడు గాని, మర్నాడు వడ్డిస్తున్న వంటాయనను అందరి ముందూ, "బయటోళ్లకు పచ్చడి ఎందుకెయ్యవ్?" అని అడిగాడు. ఆయన తెల్లబోయాడు. రెండు రోజులకు వరండాకు కూడా పచ్చడి వెళ్లింది.

శ్రావణ పున్నమి వచ్చింది. అందరం కొత్త జంధ్యాలు వేసుకోవడానికి వరుసగా కూర్చున్నాం. వార్డెన్ గారు ఒక్కొక్కరినీ గోత్రం, ఋషులు, శాఖ చెప్పి నమస్కారం చెయ్యమంటున్నారు. అతని వంతు వచ్చింది.

"నాకు గట్ల రాదు సార్. మాకు మార్కండేయుని గుళ్లె ఏస్తరు" అన్నాడు.

"మీరంటే ఎవరు?"

"పద్మశాలోళ్లం."

అంతవరకూ నడుస్తున్న మంత్రం ఆగింది. వార్డెన్ గారి చేతిలోని దర్భ కదలలేదు.

"మరి లోపలి పంక్తిలో ఎలా కూర్చుంటున్నావు?"

"వంటాయన చెయ్యి సూపిండు. కూసున్న."

"బ్రాహ్మణుణ్ణని చెప్పలేదూ?"

"ఎవలన్న అడిగితె గద చెప్పుడు."

ఆయన ముఖం ఎర్రబడింది. నా వైపు తిరిగారు. "నువ్వు వీడి జిల్లావాడివేగా. రెండు నెలలుగా వీడి పక్కనే తింటున్నావు. నీతో ఏమని చెప్పాడు?"

నేను తెలిసి తిన్నానని చెబితే పంక్తి దోషం నాదవుతుంది. నా ఉపకార వేతనం పోతుంది. మంథనిలో బాపుకు ఉత్తరం వెళ్తుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో తోచాయి. అతను నా వైపు చూడటం లేదు. నేనేం చెబుతానో అతనికి అనుమానమే లేదు.

"బ్రాహ్మణుణ్ణనే చెప్పాడండి" అన్నాను.

అప్పుడు చూశాడు.

ఆ సాయంత్రం లోపలి పంక్తిలో కూర్చున్న వాళ్లందరికీ శుద్ధి కోసం పంచగవ్యం ఇచ్చారు. నేనూ తాగాను. మర్నాడు బోర్డు మీద కాగితం అంటించారు: "కులమును దాచి పంక్తిభోజనము చేసినందున" అతన్ని తొలగించారు. అతను ఆఫీసుకు వెళ్లి, "నేను దాసిన్నని ఎవలు రాసిచ్చిండ్రు? గా కాయితం సూపియ్యండ్రి" అని అడిగాడు. గుమాస్తా, "రాసివ్వడం ఏంటయ్యా, సాక్షి నోటితో చెప్పాడుగా" అన్నాడు. మనిషిని ఇంటికి పంపడానికి ఒక నోటిమాట చాలుతుందని అతనికి ఆ రోజే తెలిసింది. 'రాసియ్యి' అనే మాట అక్కడ పుట్టింది.

ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని పోతూ గేటు దగ్గర నన్ను చూసి ఆగాడు. తిడతాడనుకున్నాను. "గా 'అండి' యాడ నేర్చినవ్ పంతులు?" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు.

మరుసటి ఏడాది అతను కరీంనగర్‌లో ఒక ప్రాచ్య కళాశాలలో చేరాడని తెలిసింది. మొదటి సంవత్సరం, రెండో సంవత్సరం అక్కడ చదివాడు. రెండేళ్లూ మొదటివాడిగా నిలిచాడు. మూడో ఏడు ఫీజు కట్టే సమయానికి కట్టనన్నాడు. గుర్తింపు ఉన్న కళాశాలలో రెండేళ్లు చదివినవాళ్లు మా విశ్వవిద్యాలయానికి మారి నేరుగా మూడో సంవత్సరంలో చేరవచ్చునన్న నియమం ఒకటి ఉంది. ఆ నియమాన్ని వెతికి పట్టుకున్నాడు. అక్కడి ప్రిన్సిపాల్ పిలిచి మందలించాడట. ఆ మాటలు అతనే నాకు తర్వాత చెప్పాడు.

"ఒక్క ఏడాదే గద, ఈడనే చెయ్యరాదు? నిన్ను ఎల్లగొట్టినోళ్ల గడప మల్ల ఎందుకు తొక్కుతవు?"

"చదువు ఈడ గూడ దొరుకుతది సార్. నా మాట ఆడ పోయింది. పోయిన కాన్నే ఎతుక్కోవాలె."

మారే విద్యార్థి నింపే దరఖాస్తులో పదకొండో గడి ఇలా ఉండేది: "ఇంతకు పూర్వము ఏ సంస్థనుండియైనను తొలగింపబడితిరా? కారణమేమి?" దాన్ని ఖాళీగా వదిలెయ్యమని, లేదా క్షమించమని రెండు వాక్యాలు రాయమని అందరూ చెప్పారు. పీఠం వాళ్లు పశ్చాత్తాపం రాసినవాళ్లను చేర్చుకున్న సందర్భాలు ఉన్నాయి కూడా. అతను రాసింది ఇది: "తొలగింపబడితిని. మీ సంస్థనుండియే. మీరు వ్రాసుకొన్న కారణము అబద్ధము. చెప్పినవాడు ఇప్పుడును మీ వద్దనే చదువుచున్నాడు. అతనిని అడుగుడు." కింద కార్బన్ పెట్టి తీసిన కాపీని పోస్టులో నాకు పంపాడు. వేరే ఉత్తరం లేదు.

ఆ ఏడు తిరస్కరించారు. నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోతే బాగుండునని నేను రోజూ అనుకున్నాను, అలాగే జరిగింది.

ఆ వేసవిలోనే మంథని రేవు మెట్ల మీద నన్ను పట్టుకున్నాడు. స్నానం చేసి పైకి వస్తున్నాను. తడి ఉత్తరీయం కొస పట్టి చూశాడు.

"గిది మావోళ్ల నేతనే" అన్నాడు. "పంచగవ్యం రుచి ఎట్లుండె పంతులు?"

కొస వదిలించుకుని పై మెట్టు ఎక్కాను.

"పరేషాన్ గాకు. కొట్లాటకు రాలే. నేను నీకు బ్రాహ్మణున్నని చెప్పలేదని ఒక్క కాయితం మీద రాసియ్యి. మల్ల నీ జోలికి రాను."

"శాస్త్రి అయినంక ఆచార్య సీటు కోసం సూస్తున్న. ఇప్పుడు రాస్తే నాది గూడ పోతది. వచ్చే ఏడు ఇస్త" అన్నాను.

"రాసియ్యి."

"ఏంది?"

"వచ్చే ఏడు ఇస్తనని."

జేబులోంచి కాగితం, పెన్సిలు తీశాడు. నా చేతులు తడిగా ఉన్నాయన్నాను. నవ్వాడు. ఆ రోజుల్లో ఎవరేమన్నా అదే మాట అనేవాడట. గుమాస్తా 'రేపు రా' అంటే, రేపు రమ్మన్నానని రాసియ్యి. హోటలాయన 'గిప్పుడే చాయ్ తెస్తున్న' అంటే, రాసియ్యి. కరీంనగర్‌లో కొందరు అతన్ని పిచ్చోడనుకున్నారు. ఆ పిచ్చి ఎక్కడిదో నాకొక్కడికే తెలుసు.

నాకు ఆచార్యలో సీటు వచ్చింది. ఏడాది గడిచింది. మళ్లీ మే నెల. మిట్టమధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే అతను మా సందులోకి తిరుగుతున్నాడు.

"అమ్మా, నేను లేనని చెప్పు" అని తలుపు వెనక్కు వెళ్లి నిలబడ్డాను.

"ఇంట్ల లేడు బిడ్డా. ఊరికి పోయిండు" అంది అమ్మ.

"చెప్పులు గీడనే ఉన్నయి గదమ్మా."

అమ్మకు అబద్ధం అలవాటు లేదు. తడబడింది. "కొత్తయి ఏసుకపోయిండేమో."

"అయితె వొచ్చెదాన్క కూసుంట."

అరుగు మీద కూర్చున్నాడు. సగం అరుగు మీద ఎండ. అమ్మ మజ్జిగ ఇచ్చింది. ఏం పని బిడ్డా అని అడిగింది. ఒక్క మాట రాయించుకుందామని వచ్చానన్నాడు. ఏం మాట అని అడిగింది. చెప్పాడు, రైల్లో రొట్టెల దగ్గర నుంచి పంచగవ్యం దాకా, గొంతు పెంచకుండా, నన్ను ఒక్క తిట్టు తిట్టకుండా. తలుపు వెనక నేను వింటున్నాను.

"ఒక్క ఏడు చదువే గద బిడ్డా. పోతె పోనీయరాదు?" అంది అమ్మ.

"చదువు గురించి ఫికర్ లేదమ్మా. మా బాపు నాతోని మాట్లాడక నాలుగేండ్లాయె."

నాకు తెలియని సంగతి అది.

"ఎల్లగొట్టిన కాయితం పోస్టుల ఇంటికొచ్చింది. బాపుకు చదువు రాదు. వాడల మాస్టరుతోని చదివించుకున్నడు. కులం దాసిండని ఉన్నది అండ్ల. 'మగ్గం మీద పెరిగినోడు మగ్గాన్నే దాస్తడా' అన్నడు. గంతే. మల్ల మాట లేదు. నేను దాసలేదంటె నమ్మడు. అంత పెద్ద చదువుల గుడి, ఆళ్లు అబద్ధం రాస్తరా అంటడు. గందుకే రాసినోళ్లతోనే కొట్టేయించాలె. మల్ల ఆడ చేరి, నేను ఫలానోని కొడుకునని చెప్పుకుంటనే చదువాలె. లేకుంటె మా బాపు కండ్ల నేను సిగ్గుపడ్డ కొడుకునే."

రెండు గంటలు కూర్చున్నాడు. లేచి వెళ్తూ, "మీ కొడుకొస్తె చెప్పుండ్రమ్మా, చెప్పులు ఎండకు పెట్టొద్దని. తోలు పగుల్తది" అన్నాడు.

తలుపు తీసి బయటికి వచ్చాను. అమ్మ ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ పిల్లగాడు రెండు గంటలు ఎండల కూసున్నడు. నువ్వు రెండు గంటలు తలుపెనక నిలవడ్డవు. పెద్దింట్ల పుట్టినోడెవడో నాకు సమజ్ కాలే" అంది. నాతో ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే రాశాను. అంత తేలికైన పనికి అన్నేళ్లు ఎందుకు పట్టిందో అనిపించింది. ఎందుకు తేలికైందో మర్నాడు తెలిసింది.

పొద్దున మొదటి బస్సుకు బయలుదేరి, కరీంనగర్‌లో మారి సిరిసిల్ల చేరాను. వాడలో అడుగుతూ వెళ్తే, అతను గుమ్మంలోనే నూలు కండెలు సర్దుతున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రాసుకొచ్చినవా?"

ఇచ్చాను. నిలబడే చదివాడు. ముఖంలో ఏమీ తెలియలేదు. మడిచి నా చేతిలోనే పెట్టాడు.

"యూనివర్సిటీకి తర్వాత. లోపల మా బాపున్నడు. ముందుగాల ఆయనకు చదివి ఇనిపియ్యి. నాతోని మాట్లాడడు, నువ్వైతె పంతులువు."

లోపల చీకటిగా ఉంది. గుంట మగ్గంలో నడుము దాకా దిగి పెద్దాయన నేస్తున్నాడు. నన్ను చూసి తలూపాడు గాని చేతులు ఆపలేదు. నేను ఫలానా అని చెప్పి చదివాను: "భోజనశాలయందు కూర్చుండిన విద్యార్థి తాను బ్రాహ్మణుడనని నాతో చెప్పియుండలేదు. నేను పొరపాటున అట్లు చెప్పితిని."

"మగ్గం సప్పుడుల ఇనవడలే. మల్ల చదువుండ్రి" అన్నాడు. మగ్గం మాత్రం ఆపలేదు.

గొంతు పెంచి చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. మూడోసారికి దాదాపు అరుస్తున్నాను. పక్క ఇళ్లవాళ్లు ఇద్దరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అప్పుడు మగ్గం ఆగింది.

"పొరపాటున అన్నరు."

"అవును."

"పోగు దానంతట అది తెగితె పొరపాటు పంతులు. చేత్తోని తెంపితె దాన్నేమంటరు?"

నేను కాగితంలో ఆ మాటను మళ్లీ చూసుకున్నాను.

"మావోడు సాలోడని మీకు ముందుగాల్నే ఎర్కనా?"

"ఎర్కనే. రైల్లనే ఎర్క."

"ఎర్కుండే పక్కన కూసోని తిన్నరా?"

"తిన్న."

"మరి గది యాడ రాసిండ్రు? మావోని కులం ఊరంత తెలిసేటట్టు రాసిండ్రు. గీ కాయితంల మీ కులమేది?"

గుమ్మంలో నిలబడినవాళ్లలో ఎవరో గొంతు సవరించుకున్నారు. అతను వాకిట్లోనే ఉన్నాడు, కండెలు సర్దుతూనే ఉన్నాడు. నేను మగ్గం గుంట పక్కన నేల మీద కూర్చుని, కాగితం వెనక్కు తిప్పి, మళ్లీ రాశాను. నేను బ్రాహ్మణుణ్ణని రాశాను. అతను పద్మశాలి అని తెలిసే రైల్లో అతని రొట్టె తిన్నానని రాశాను. బయటికి వెళ్లి కూర్చుంటానంటే వద్దని ఆపింది నేనేనని రాశాను. వార్డెన్ గారు అడిగినప్పుడు, భయపడి, తెలిసి తెలిసి అబద్ధం చెప్పానని రాశాను. 'పొరపాటున' అన్న మాట ఎక్కడా లేదు. ఆ మాట ఉండబట్టే ముందురోజు రాయడం అంత తేలికైంది.

ఈసారి ఒక్కసారి చదివితే సరిపోయింది. మగ్గం చప్పుడు లేదు.

పెద్దాయన నేస్తున్న బట్ట మీద చెయ్యి వేశాడు. తర్వాత వాకిలి వైపు తిరిగి, "సూస్తవేంది? పంతులుకు చాయ్ పెట్టుమను మీ అవ్వను" అన్నాడు.

నాలుగేళ్ల తర్వాత కొడుకుతో అన్న మొదటి మాట. అతని చేతిలో కండె అలాగే ఉండిపోయింది. వంటింటి వైపు తిరిగి, వాడంతా వినపడేంత గట్టిగా, "అవ్వా, బాపు చాయ్ పెట్టుమంటుండు" అన్నాడు.

అతని కొత్త దరఖాస్తుతో నా కాగితం వెళ్లింది. జూన్‌లో రిజిస్ట్రార్ గారు నన్ను పిలిపించి గంటసేపు నిలబెట్టారు. ఇన్నాళ్లు నోరెందుకు విప్పలేదని అడిగారు. నాకు ఇస్తామన్న సహాయకుడి పని ఇంకొకరికి ఇచ్చారు. అది నష్టమని నేనెప్పుడూ అనుకోలేదు. పాత ఉత్తర్వు రద్దు చేసి, మూడో సంవత్సరంలో చేర్చుకుంటున్నట్టు అతనికి కాగితం వెళ్లింది. చివర ఒక షరతు: భోజనశాలలో బయటి పంక్తిలో కూర్చుండుటకు అంగీకరించి సంతకం చేయవలెను.

అతను సంతకం చేసి పంపాడు. సంతకం పైన 'చూచితిని' అని రాశాడు. 'అంగీకరించితిని' అని రాయలేదు. ఆఫీసులో ఆ తేడా ఎవరూ పట్టించుకోలేదు.

జూలై మొదటి వారం. మధ్యాహ్న భోజనానికి అందరం పీటల మీద కూర్చున్నాం, ముందర ఆకులు. నా ఎడమ పక్క పీట ఖాళీగా ఉంది. అతను వచ్చాడు. వరండా దాటాడు, గుమ్మం దాటాడు. హాలు మొత్తం ఒకసారి చూసి, నేరుగా వచ్చి ఆ పీట మీద కూర్చున్నాడు. అరిచేత్తో నీళ్లు తీసుకుని ఆకు మీద చల్లి తుడుచుకోసాగాడు.

వార్డెన్ గారు గుమ్మంలోంచి, "నాయనా, నీ చోటు బయట. ఒప్పుకుని సంతకం పెట్టావు" అన్నారు.

"సూసిన అని రాసిన సార్. ఒప్పుకున్న అని రాయలే. కాయితం తెప్పించి సూడుండ్రి."

ఆయన ఆఫీసు వైపు వెళ్లారు. ఎదుటి వరుసలో ఒక పీట జరిగింది. ఒకడు లేచాడు. తర్వాత ఇద్దరు, ఆ తర్వాత వరుసంతా. మా వరుసలో కూడా కుడిచివర నుంచి ఒక్కొక్కరే లేస్తున్నారు. వంటాయన అన్నం గిన్నె పట్టుకుని హాలు మధ్యలో నిలబడిపోయాడు. ఎటు రావాలో ఆయనకు తెలియడం లేదు.

నేను లేవాలని అనుకోలేదు. సిరిసిల్లలో నేల మీద కూర్చుని అంతా రాసిచ్చినవాణ్ణి. అయినా నా కుడి పక్కవాడు లేవగానే నా మోకాళ్లు పీట మీద నుంచి లేచాయి. ఒక చెయ్యి నేల మీద ఆనింది. పూర్తిగా లేవలేదు, కూర్చోనూ లేదు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు.

అతను నా వైపు తల తిప్పలేదు. ఆకు తుడుచుకుంటూనే అన్నాడు.

"కూసుంటె కూసో, పోతె పో పంతులు. నడుమల ఉండకు. వడ్డించెటోనికి అడ్డమైతున్నవ్."

కూర్చున్నాను.